వేపమొద్దు మీద మామ నూలు

నాంపల్లి స్టేషన్ వెనక సందులో మాకు ఒక కోతమిల్లు ఉండేది. మిల్లు అనగానే పెద్దగా ఊహించుకోవద్దు. రేకుల కప్పు, దాని కింద ఒక నూనె ఇంజను, గుండ్రటి రంపం, మొద్దును రంపం మీదికి తోసే ఇనుపబండి, అంతే. మిల్లుకూ వంటింటికీ మధ్య ఒక్కటే గోడ. ఇంజను మొదలైతే గోడకు తగిలించిన గంటెలు ఆడేవి, అన్నంలో రంపపు పొట్టు పడేది. పెళ్లయి వచ్చిన కొత్తలో ఆ పొట్టు ఏరి పారేసేదాన్ని. తర్వాత మానేశాను. తిన్నవాళ్లెవరూ చావలేదు.

నేను చదువుకున్నదాన్ని కాను. మనవరాలు పలక పట్టినప్పుడు దాని పక్కన కూర్చుని అక్షరాలు నేర్చుకున్నాను, అప్పటికే తల నెరిసింది. కాబట్టి మాటలు అందంగా పేర్చడం నాకు రాదు. ఇది రాయడానికి కారణం కూడా పెద్దదేమీ కాదు. మా ఇళ్లలో ఏ పెళ్లికి నలుగురు కలిసినా ఆ వేపమొద్దు కథ చెప్పుకుంటారు. ముసలాయన, అంటే మా మామ, ఒక్క చూపు చూసి గీత కొట్టాడట, అంత లావు మొద్దు వెన్నలా తెగిందట. విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. అక్కడ ఉన్నది నేను. వెన్నా లేదు, చూపూ లేదు.

యుద్ధం రోజులవి. ఇంజనుకు నూనె దొరకడమే గగనంగా ఉండేది. ఇంట్లో నలుగురం. అత్త నేను రాకముందే పోయింది. మిల్లుకు మామ పెద్ద. మా ఇంటాయన రంపం దగ్గర ఉండేవాడు, మరిది ఇంజను చూసుకునేవాడు. మిగతావన్నీ నావి.

మామకు ఒక జబ్బు ఉండేది. వచ్చిన మొద్దును కాదనడు. మా రంపం మూరెడు లోతు కంటే ఎక్కువ కోయలేదని అందరికంటే ఆయనకే బాగా తెలుసు. అబిడ్స్‌లో దుకాణాలు కట్టేవాళ్లు బుద్ధిగా కోయదగ్గ టేకు దుంగలు తెస్తే వాటిని గోడవారకు నెట్టించి, ఊళ్లో ఏ మిల్లువాడూ ముట్టని లావు మొద్దులకు గేటు తీసేవాడు. గడపలోకి వచ్చిన మొద్దును వెళ్లగొడితే రంపానికి సిగ్గుచేటట. రంపం సంగతి నాకు తెలియదు. దాన్ని దొర్లించే నా మొగుడి నడుముకు రాత్రి నూనె రాసేది మాత్రం నేనే.

వేపమొద్దు అలా వచ్చిందే. బేగంబజారులో పప్పుల వ్యాపారం చేసే సేటు ఒకాయన ఉండేవాడు. అన్నదమ్ములిద్దరిదీ ఒకటే దుకాణం. వాళ్ల పెరట్లో తాత నాటిన వేపచెట్టు గాలివానకు పడిపోయింది. ఏడాదిపాటు అక్కడే ఎండనిచ్చి, దానితో దుకాణంలో కూర్చునే గద్దె చేయించాలనుకున్నాడు. ఆలోచన మంచిదే, వేపకు పురుగు పట్టదు. కానీ గద్దె పైపలక ఒకటే చెక్క కావాలన్నాడు. మధ్యలో అతుకు ఉండకూడదు. అన్నదమ్ములు కూర్చునే గద్దెకు అతుకు పడితే ఇల్లు రెండు ముక్కలవుతుందని వాళ్ల నమ్మకం. ఇలాంటి నమ్మకాలు ఉన్నవాళ్లంతా నేరుగా మా మామ దగ్గరికే ఎందుకు వచ్చేవాళ్లో దేవుడికే తెలియాలి.

ఆ మొద్దు దగ్గర దగ్గర రెండు మూరల మందం ఉంది. తెచ్చిన ఎడ్లబండి మొజంజాహీ మార్కెట్ దగ్గరే ఇరుసు విరిగి కూర్చుంది. పండ్లబండ్లవాళ్లు తిట్టారు, జట్కాలవాళ్లు తిట్టారు. ఇంకో బండి కట్టి తెచ్చేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. తెచ్చాక గేటులో పట్టలేదు. గేటు రాయి పీకారు. లోపలికి దొర్లించాక అది నల్లాకు వెళ్లే దారికి అడ్డంగా పడింది. ఆడవాళ్లు మొద్దు దాటకూడదని మా మిల్లులో ఒక కట్టడి. దాంతో బిందె చంకన పెట్టుకుని పక్కింటివాళ్ల వాకిట్లోంచి తిరిగి వచ్చేదాన్ని. ఆ ఇంటావిడ ప్రతిసారీ, మీ మొద్దు ఇంకా కోయలేదా అని అడిగేది. కోస్తే నేను మీ వాకిట్లో ఎందుకుంటానమ్మా అనేదాన్ని.

మరిది మొదటి రోజే తండ్రితో అన్నాడు. చీలలు కొట్టి నాలుగు చెక్కలుగా పగలగొడదాం, అప్పుడు రంపానికి అందుతుంది అని. మాట తప్పేమీ కాదు, ఎవరైనా అదే చేస్తారు. మామ వినలేదు. ఒకటే పలక అని సేటుకు మాటిచ్చాడు కదా.

ఇక మిగిలిన దారి ఒకటే. ఒక వైపునుంచి రంపం అందినంత లోతు కోయాలి. తర్వాత మొద్దును గడ్డపారలతో తలకిందులుగా తిప్పి, రెండో వైపునుంచి కోయాలి. రెండు కోతలూ మొద్దు నడిబొడ్డులో కలవాలి. కలిస్తే పలక ఊడివస్తుంది. కలవకపోతే మధ్యలో మెట్టు పడుతుంది, పలక ఒక సగం మందంగా, ఒక సగం పలచగా వచ్చి దేనికీ పనికిరాకుండా పోతుంది. అందుకని రెండు వైపులా గీత సరిగ్గా ఒకదానికొకటి ఎదురుగా ఉండాలి. ఆ గీతను నూలుతో కొడతారు. జాజు అనే ఎర్రమట్టిలో తడిపిన దారాన్ని మొద్దు పొడవునా బిగించి, లేపి వదిలితే ఎర్రటి గీత పడుతుంది. దాన్నే నూలు అనేవాళ్లు.

ఇక్కడే వచ్చింది చిక్కు. మా ఇంట్లో నూలు పట్టే హక్కు ఇంటి పెద్దకే. ఆయన పోయిన పదోరోజున స్నానాలయ్యాక పెద్దకొడుకు చేతిలో పెడతారు. అంతకుముందు కొడుకు ముట్టుకుంటే తండ్రి చావు కోరుకున్నట్టే. మామ రెండో కొసను మేకుకు కట్టుకునేవాడు తప్ప కొడుకుల చేతికి ఇచ్చేవాడు కాదు. ఆయన తండ్రీ అంతేనట.

మామ కళ్లకు పొర కమ్మింది. కొంతకాలంగా తమలపాకుకు రాయాల్సిన సున్నం బొటనవేలికి రాసుకుంటున్నాడు. గడపలో నేను నిలబడితే మరిదిని పిలిచినట్టు పిలిచేవాడు. చిన్న దుంగలప్పుడు ఇది బయటపడలేదు, రంపం పక్కనున్న ఇనుపపట్టీకి ఆనించి తోస్తే అదే తిన్నగా కోసేది. దవాఖానలో చూపించుకొమ్మని ఎవరో అంటే, కంటి మీద కత్తి పెట్టించుకోవడానికి నేనేమన్నా మొద్దునా అని తిట్టి పంపాడు.

మొదటి కోత పైబెరడు చెక్క. రెండు కోతలూ కలవలేదు. బొటనవేలు పట్టేంత మెట్టు పడింది. సరే, బెరడు చెక్క పొయ్యిలోకే కదా అనుకున్నారు. రెండోది అసలు పలక. అదీ కలవలేదు. ఇక చూడాలి మా మగవాళ్ల తెలివి. మా ఇంటాయన రంపం పళ్లు వంగాయన్నాడు. మరిది నూనెలో నీళ్లు కలిశాయి, ఇంజను కుంటుతోంది అన్నాడు. పొద్దున ఇంజను దగ్గర నిమ్మకాయ పెట్టలేదని ఇద్దరూ కలిసి నా మీదికి వచ్చారు. రంపం పళ్లు మళ్లీ అరగదీశారు. ఇంజను విప్పి మళ్లీ బిగించారు. నేను నిమ్మకాయ పెట్టాను. అసలు సంగతి ఇద్దరికీ తెలుసు. తెలిసీ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా రంపానికి నూనె రాస్తూ కూర్చున్నారు.

ఇక మొద్దులో ఒక్క వెడల్పాటి పలకకే చోటు మిగిలింది. నడిమి భాగం, అదే అన్నిటికంటే వెడల్పు. అది పోతే మిగిలేవి సన్న చెక్కలే. సేటు వచ్చి చూసి వెళ్లాడు. మామను ఏమీ అనలేదు, ఉస్తాద్ ఉస్తాద్ అంటూనే మర్యాదగా మాట్లాడాడు. వెళ్లేటప్పుడు మాత్రం తెగిన చెక్క మీద చెయ్యి ఆనించి కాసేపు నిలబడ్డాడు. వాళ్ల తాత చెట్టు. ఇంకోటి తెచ్చిపెట్టడానికి అది బజారులో దొరికే సరుకు కాదు.

ఆ మధ్యాహ్నం అన్నం పెడుతూ మా ఇంటాయనను నిలదీశాను. రంపానిది తప్పా, మీ నాయిన కండ్లదా అని.

"మెల్లగ మాట్లాడు."

"మెల్లగ మాట్లాడితే మొద్దు సక్కగ తెగుతదా? నూలు నువ్వు పట్టు."

"నేను నూలు పడితే నాయిన సచ్చినట్టేనానే? నలుగురు ఏమంటరు?"

"నలుగురు తర్వాత. సేటు ఏమంటడో అది జెప్పు."

మజ్జిగ పోయమన్నాడు.

మా ఇళ్లలో కోడలు మామతో ఎదురుపడి మాట్లాడే అలవాటు లేదు. ఏదైనా చెప్పాల్సి వస్తే గోడకో, గిన్నెకో చెప్పాలి. ఆయన కూడా జవాబు గోడకే చెబుతాడు. అన్నేళ్లూ అలాగే నడిపాం. సాయంత్రం మామ రొట్టె ముందు కూర్చున్నప్పుడు నేను నీళ్ల చెంబు తెచ్చి పెట్టి, దానితోనే మాట్లాడాను.

"ఓ చెంబూ, ఇను. ఈ ఇంట్ల ఒకరికి కండ్లు మసకలైనయ్. కొడుకులిద్దరికీ ఎరుకే. రంపానిది తప్పులేదు, ఇంజన్‌ది తప్పులేదు. ఇంకొక్క కోత తప్పితే సేటు వాళ్ల తాత చెట్టు పొయ్యిలకు పోతది. అన్ని తెలిసి ఒక్కలన్న నోరు తెరుస్తలేరు."

మామ రొట్టె ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. తిడతాడనుకున్నాను.

"చెంబుకు నోరెక్కువైంది" అన్నాడు.

నేను అక్కడినుంచి కదల్లేదు. ఇంకో ముక్క తుంచుతూ మళ్లీ చెంబునే అడిగాడు. "ఎప్పటిసంది ఎరుక?"

"సున్నం ఏలికి రాస్కున్నప్పటిసంది."

ఆ తర్వాత మాట్లాడింది గోడతోనో, చెంబుతోనో, తనతోనో తెలియదు. "నూలు ఇడిస్తే బతికుండంగనే పదోదినం చేస్కున్నట్టు. ఇంక నేనేంది గీడ? గేటు కాడ పండుకునే కుక్కనా?"

అప్పుడు అర్థమైంది నాకు. ముసలాయనకు తెలియక కాదు, తెలిసే ఈ మొండితనం. గీత తప్పడం కంటే నూలు వదలడమే ఆయనకు పెద్ద భయం. కొడుకులకూ అదే భయం. ముగ్గురూ ఒకరి భయాన్ని ఒకరు కాపాడుకుంటూ కూర్చుంటే మధ్యలో మొద్దు నాశనమవుతోంది. జాలి పడాలో మొట్టికాయ వేయాలో తెలియలేదు. జొన్నరొట్టె ఇంకోటి వేశాను.

మర్నాడు పొద్దున ఇంజను మొదలు పెట్టకముందే మామ మొద్దు పక్కన నిలబడ్డాడు. అగరొత్తి వెలిగించి చెక్క సందులో గుచ్చాడు. జాజు గిన్నె చేతిలో ఉంది, నూలు భుజం మీద ఉంది.

"కండ్లు మంచిగున్నోళ్లు వచ్చి పట్టున్రి" అన్నాడు.

మా ఇంటాయన రంపం వైపు చూశాడు. మరిది ఇంజను వైపు చూశాడు. ఒక్కడూ అడుగు ముందుకు వేయలేదు. మామ అలాగే నూలు పట్టుకుని నిలబడ్డాడు. నాకు ఓపిక అయిపోయింది. కొంగుకు చేతులు తుడుచుకుని వెళ్లాను.

మా ఇంటాయనకు అప్పుడు మాత్రం నోరు వచ్చింది. "ఏమే, ఆడిదానివి నూలు ముడ్తవా?"

"నీ చేతిల పెడితే తండ్రి సావు కోరినట్టన్నవ్. మరిది ముట్టుకుంటే గదే అంటవు. నాకైతే పదోదినం నాడు గూడ మీ నూలు రాదు గద. నేను పడితే ఎవరు సచ్చినట్టు?"

మామ నూలు కొస నా వైపు చాచాడు. "ఆడోళ్లు మొద్దు దాటొద్దన్నడు మా నాయిన. నూలు ముట్టొద్దని చెప్పలే" అన్నాడు. అలా చెప్పాల్సి వస్తుందని ఆ నాయినకు కల్లో కూడా తోచి ఉండదు.

మొద్దు చుట్టూ తిరిగే వెళ్లాను, దాటలేదు. ఆ మాత్రం మర్యాద నాకూ ఉంది.

మొదట మొద్దు కొసన, గుండ్రటి ముఖం మీద గీత పడాలి. దారానికి సీసపు గుండు కట్టి పైనుంచి వేలాడదీస్తే, అది ఆగిన చోట నిలువు గీత గీయాలి. మామ అరచేత్తో ఆ ముఖమంతా తడిమి చూసి చేవ ఎక్కడుందో, మధ్య ఎక్కడో వేలితో చూపించాడు. అందులో ఒక్క పిసరు తేడా లేదు, చెయ్యి అంత బాగా చూసేది. గుండు ఆగిందో లేదో మాత్రం కనిపించదు. అది నేను చెప్పాలి. ఎవరికి చెప్పాలి? మధ్యలో గోడ లేదు, చెంబూ లేదు.

"ఆగింది మామా" అన్నాను.

మా ఇంటాయన తల పక్కకు తిప్పుకున్నాడు. మామ మాత్రం తల నా వైపే తిప్పాడు. "అయితే గియ్యి కోడలా, ఏం జూస్తున్నవ్" అన్నాడు. అంతే, అన్నేళ్ల చెంబు మాటలు అక్కడితో అయిపోయాయి.

రెండు కొసలా గీశాక పైన పొడవునా నూలు బిగించాం. ఒక కొస ఆయన చేతిలో, ఒక కొస నా చేతిలో. నేను లేపి వదిలాను. పక్కకు గుంజినట్టున్నాను, గీత పాములా వచ్చింది.

"ఎట్లుంది?" అని అడిగాడు.

"వంకర."

"నూలును పక్కకు గుంజకు. నెత్తి మీదికి లేపు. కడుగు, మళ్ల కొట్టు."

కడిగి మళ్లీ కొట్టాను. ఈసారి తిన్నగా పడింది. ఒళ్లంతా జాజు. చీర కూడా పాడైంది, ఉన్నవాటిలో కాస్త మంచిది అది.

ఇంజను పెట్టారు. మొదటి వైపు కోశారు. గడ్డపారలు వేసి మొద్దును తిప్పడానికి ఇరుగుపొరుగును కూడా పిలిచారు. అది దొర్లిన ప్రతిసారీ రేకులు అదిరేవి. తిప్పాక రెండో వైపు నూలు మళ్లీ మేమిద్దరమే కొట్టాం. రెండో కోత సగంలో ఇంజను దగ్గి ఆగిపోయింది. మరిది దాని అమ్మనూ అబ్బనూ తిట్టి మళ్లీ తిప్పాడు. రంపం నడిబొడ్డుకు చేరినకొద్దీ చప్పుడు మారింది, సన్నబడింది. చివర్లో పలక పక్కకు వాలింది.

మామ ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. మోకాళ్ల మీద కూర్చుని, కోసిన ముఖం మీద బొటనవేలు ఆనించి ఈ కొసనుంచి ఆ కొసకు నెమ్మదిగా జరిపాడు. కొడుకులిద్దరూ గడ్డపారలు పట్టుకునే నిలబడ్డారు. నాకు పొయ్యి మీద పప్పు మాడుతున్న వాసన వస్తోంది. అయినా కదల్లేకపోయాను.

"నడుమ జర తగుల్తున్నది" అన్నాడు. "ఎంటికంత. గుండు ఆగకముందే గీసినవ్."

"ఆగినంకనే గీసిన."

"ఆగలే."

"నాకు గనబడ్డది మామా, ఆగింది."

"నా ఏలికి తగుల్తున్నది గద."

చిత్రిక పడితే పోతుందని మరిది అన్నాడు. ఆ మాట నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. అయినా పప్పు మాడేదాకా వాదించుకున్నాం. వాదించినంతసేపూ ముసలాయన వీపు నిటారుగా ఉంది. గేటు దగ్గర కుక్కలా మాత్రం లేడు.

మరుసటి రోజు సేటు తమ్ముణ్ని కూడా వెంటపెట్టుకుని వచ్చాడు. అన్నదమ్ములిద్దరూ పలక మీద చెరో వైపు కూర్చుని చూసుకున్నారు. ఈ వయసులో ఇంత చూపా ఉస్తాద్, గద్దకు కూడా ఉండదు అని పెద్దాయన మెచ్చుకున్నాడు. మా ఇంటాయన నేలచూపులు చూశాడు. మరిది ఇంజను తుడిచాడు. నేను గడపలో నిలబడి, ఎవరు ఏమంటారో చూద్దామని ఎదురుచూశాను.

మామ తాపీగా అన్నాడు. "కండ్లది ఏమున్నది సేటు. మా ఇంట్ల చెంబు మంచిది."

సేటుకు ఏమీ అర్థం కాలేదు. నవ్వేసి, పలక బండికెక్కించుకుని వెళ్లిపోయాడు. బేగంబజారంతా తిరిగి గద్ద చూపు సంగతి చెప్పాడు. ఆ చెప్పిందే ఇప్పటికీ మా పెళ్లిళ్లలో తిరుగుతోంది.

ఆనాటినుంచి లావు మొద్దుకు నూలు కొట్టాలంటే మామ ఒక కొస, నేను ఒక కొస. ఆయన ఉన్నన్నాళ్లూ నూలు ఆయనదే, కొడుకులు ముట్టలేదు. ఎవరి ఆచారమూ చెడలేదు. పెరిగింది నా పని ఒక్కటే. గీతలు కొడుతున్నానని వంట తప్పిందా అంటే తప్పలేదు. నీళ్లు తప్పలేదు. రొట్టెలకు జాజు అంటుతోందని మా ఇంటాయన ఒకరోజు మొహం చిట్లిస్తే, మరి నువ్వు చెయ్యి అని పిండి గిన్నె ఆయన ముందుకు తోశాను. తినేసి వెళ్లాడు.

సేటు వెళ్లిన సాయంత్రమే మామ నూలును సామాన్ల గదిలో పెట్టకుండా తెచ్చి వంటింటి గోడకు తగిలించాడు. ఇక్కడెందుకని అడిగితే, నీకు దగ్గరుంటది అన్నాడు. తడి నూలు. జాజు కారి గోడంతా ఎర్రగా అయింది. ఎన్నిసార్లు సున్నం వేసినా ఆ మరక పైకి వచ్చేది. గోడకు తగలకుండా వేలాడేట్టు ఇంకాస్త పొడుగు మేకు ఒకటి కొట్టి పెట్టమని మా ఇంటాయనకు ఎన్నేళ్లు చెప్పానో. మిల్లు నిండా మేకులే. ఒక్కటీ గోడ దాటి వంటింట్లోకి రాలేదు.